గ్రోవర్స్ మిల్ నుంచి జస్లోక్ వరకు

పార్లమెంటు సమావేశాలు ముగిసిన మర్నాడు ఢిల్లీ నగరం పెళ్ళివారు తరలిపోయిన విడిది ఇల్లులా ఉంటుంది. మంత్రులు నియోజకవర్గాలకు, సభ్యులు స్వస్థలాలకు వెళ్ళిపోతారు. ఎవరు ఎవరిని ఏమన్నారో కనిపెట్టుకుని ఉండవలసిన అగత్యం లేక, మావంటి విలేకరులకు రాత్రిళ్ళు కాస్త తీరిక దొరుకుతుంది. అటువంటి ఒక రాత్రి, చిరకాలంగా చూడాలనుకుంటున్న ఒక పాత అమెరికన్ టెలివిజన్ నాటకం చూశాను. దాని పేరు 'ది నైట్ దట్ పానిక్డ్ అమెరికా'. అమెరికాను హడలెత్తించిన రాత్రి అని మనం చెప్పుకోవచ్చు. ఏ.బి.సి. సంస్థ 1975 అక్టోబరు 31న ప్రసారం చేసిన ఈ నాటకానికి జోసెఫ్ సార్జెంట్ దర్శకుడు. నికొలస్ మేయర్, ఆంథొనీ విల్సన్ రచయితలు.

ఇతివృత్తం పాఠకులలో చాలామంది ఎరిగినదే. 1938 అక్టోబరు 30, ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు న్యూయార్కులోని సి.బి.ఎస్. రేడియో నుంచి ఒక నాటకం వెలువడింది. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1898లో ప్రచురించిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవల దానికి మూలం. అంగారక గ్రహం నుంచి శత్రువులు వచ్చి భూమి మీద పడతారన్నది కథ. రేడియో కోసం దానిని రాసినవాడు హొవార్డ్ కాచ్. నడిపించినవాడు ఇరవై మూడేళ్ళ ఆర్సన్ వెల్స్. ఇద్దరి పేర్లూ మన లిపిలో ఒకటే అయినా, ఇంగ్లీషులో ఒక అక్షరం తేడా. అది విని జనం నిజమేననుకున్నారనీ, ఇళ్ళు వదిలి పరుగులు తీశారనీ ప్రసిద్ధి.

బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివే రోజుల్లో ఆ నవల చదివాను. అప్పుడు నాకు భయం కలగలేదు. పరీక్ష భయం తప్ప. కాని ఆ రేడియో నాటకాన్ని తరువాతి కాలంలో రికార్డు మీద విన్నప్పుడు, అది కట్టుకథ అని తెలిసి కూడా ఒళ్ళు జలదరించింది. కారణం కథలో లేదు, చెప్పిన తీరులో ఉంది. మొదట వాతావరణ సమాచారం. తరువాత ఒక హోటలు నుంచి నృత్య సంగీతం. దాని మధ్యలో ఒక వార్త: అంగారకుని మీద ఏవో పేలుళ్ళు కనిపించాయట. మళ్ళీ సంగీతం. మళ్ళీ వార్త, ఈసారి కొంచెం పెద్దది. న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే పల్లెలో ఏదో పడిందట. ఆ ఊరిని తాను పటం మీద పెన్సిలు మొన దించి ఎన్నుకున్నానని కాచ్ తరువాత చెప్పుకున్నాడు. ఆ పల్లెకు విలేకరి వెళతాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే గొంతు తెగిపోతుంది. ఆ తరువాత కొన్ని క్షణాలు రేడియోలో ఏమీ వినబడదు. ఆ నిశ్శబ్దమే నాటకానికి ప్రాణం.

ఆ విలేకరి పాత్రధారి ఫ్రాంక్ రీడిక్, 1937 మేలో హిండెన్‌బర్గ్ అనే జర్మన్ విమాననౌక తగలబడినప్పుడు హెర్బర్ట్ మారిసన్ అనే వ్యాఖ్యాత గద్గద కంఠంతో చెప్పిన ప్రత్యక్ష వర్ణన రికార్డును పదేపదే విని సాధన చేశాడు. నిజమైన దుఃఖాన్ని విని అబద్ధపు దుఃఖం నేర్చుకున్నాడన్నమాట. నాటకంలో ఒకచోట దేశాధ్యక్షుడు మాట్లాడవలసి ఉండగా కంపెనీ న్యాయవాదులు అభ్యంతరం చెప్పారు. సరే, హోమ్ సెక్రటరీ వంటి ఒక మంత్రి అని పేరు మార్చారు. పేరు మార్చారే గాని, ఆ నటుడు కెన్నీ డెల్మార్ పలికినది మాత్రం అచ్చంగా రూజ్వెల్టు గొంతుతోనే. చట్టాన్ని అక్షరాలా పాటించి, ఉద్దేశాన్ని అటకెక్కించే ఈ విద్య ఢిల్లీలో మాకు కొత్త కాదు.

1975 నాటి టెలివిజన్ నాటకంలో అన్నిటికంటె నాకు నచ్చినది ఈ స్టూడియో భాగమే. అంగారకుని వాహనం మూత తెరుచుకునే చప్పుడు కోసం, మరుగుదొడ్డిలో మైకు పెట్టి ఒక గాజు సీసా మూత మెల్లగా తిప్పడం; కాగితాలు పట్టుకుని మైకు చుట్టూ మూగిన నటులు; అద్దం వెనుక నుంచి వెల్స్ చేతి సైగలు. పాల్ షెనార్ అనే నటుడు వెల్స్‌గా చక్కగా కుదిరాడు. శబ్ద సంకలనానికి ఈ నాటకానికి ఎమ్మీ బహుమానం వచ్చింది, న్యాయమే.

రెండో భాగం ఇళ్ళలో జరుగుతుంది. విడిపోవడానికి సిద్ధపడ్డ ఒక దంపతుల కాపురం, ఒక క్రైస్తవ గురువు కుటుంబం, ఇట్లా నాలుగైదు ఇళ్ళు. రేడియో మాట చెవిన పడగానే అన్నీ తలకిందులవుతాయి. శత్రువుల చేతికి చిక్కడం కంటె తన చేతుల్లో పోవడం మేలనుకుని ఒక తండ్రి పిల్లల మీదికే తుపాకీ ఎత్తేదాకా వెళతాడు. చూస్తుంటే గుండె పట్టేస్తుంది. కాని ఈ మనుషులు కల్పితాలు. స్టూడియోలో జరిగినదానికి సాక్ష్యాలున్నాయి. ఇళ్ళలో జరిగినదానిని నాటకకర్తలు ఊహించారు. చూసేవారికి ఈ రెండింటి మధ్య గీత కనబడదు. వార్తా కథనం రూపంలో కల్పన చెప్పి వెల్స్ జనాన్ని నమ్మించాడని ఆరోపిస్తున్న నాటకం, తానూ అదే పని చేస్తున్నది.

అసలు ఆ రాత్రి ఏం జరిగింది? సి.ఇ. హూపర్ అనే సంస్థ అదే సమయంలో టెలిఫోను మీద 5,000 ఇళ్ళను ఏ కార్యక్రమం వింటున్నారని అడిగింది. నాటకం వింటున్నామనో, వెల్స్ కార్యక్రమం వింటున్నామనో చెప్పినవారు నూటికి ఇద్దరు. వార్తలు వింటున్నామన్నవారు ఒక్కరూ లేరు. దేశంలో అత్యధికులు ఆ గంటలో ఎన్.బి.సి.లో ఎడ్గర్ బెర్గెన్ అనే ఆయన బొమ్మ చేత మాట్లాడించే హాస్యం వింటున్నారు. పెదవులు కదలకుండా మాట్లాడడమే ఆయన విద్య. పెదవులు ఎటూ కనబడని రేడియోలో ఆ విద్యకు అంత ఆదరణ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మర్నాడు ఉదయం పత్రికలు చూసినవారికి మాత్రం దేశమంతా వీధుల్లో పడినట్టు తోచింది. 'న్యూయార్క్ టైమ్స్' అంతటి పత్రిక మొదటి పుటలో వేసింది. అప్పటికి పత్రికలకు రేడియో మీద కడుపుమంట ఉన్నది. ఆర్థిక మాంద్యపు రోజుల్లో ప్రకటనల ఆదాయాన్ని రేడియో తన్నుకుపోయింది. రేడియోలో వార్తలు ఎన్ని నిమిషాలు చదవాలన్న దాని మీద 1933 నాటికే ఇరుపక్షాలూ పోట్లాడుకుని ఒడంబడికల దాకా వెళ్ళాయి. రేడియోను నమ్మరాదని చూపడానికి ఇంతకంటె మంచి అవకాశం పత్రికలకు ఎప్పుడు దొరుకుతుంది? ఊరూరి నుంచి వార్తా సంస్థలకు అందిన చెదురుమదురు కబుర్లు ఒకచోట చేర్చి కుట్టగానే అది దేశవ్యాప్త భయోత్పాతం అయింది. గుండె ఆగి చనిపోయారనీ, ఆత్మహత్యలు చేసుకున్నారనీ ప్రచారమైనా, ఆ ప్రసారం వల్ల మరణించినట్టు రుజువైన మనిషి ఒక్కరూ లేరు. నా వృత్తిలోని పూర్వికులు చేసిన పని గనుక దీనిని కొంచెం సిగ్గుతోనే రాస్తున్నాను.

అట్లాగని ఎవరూ భయపడలేదనడమూ తప్పే. గ్రోవర్స్ మిల్‌కు సమీపంలోనే ఉన్న ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో హాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీని మీద పరిశోధన చేసి 1940లో పుస్తకం వెలువరించాడు. ఆయన లెక్కలో విన్నవారు 60 లక్షలు. వార్త అనుకున్నవారు 17 లక్షలు. కలత చెందినవారు 12 లక్షలు. సంఘటన జరిగిన ఆరు వారాల తరువాత, పత్రికల హోరు అందరి చెవుల్లోనూ పడిన తరువాత, అడిగి తెలుసుకున్న లెక్కలివి. కాస్త ఎక్కువే అయి ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు అంటున్నారు. వెల్స్‌కూ, ప్రభుత్వ కమిషన్‌కూ శ్రోతలు రాసిన సుమారు 2,000 ఉత్తరాలను చదివి బ్రాడ్ ష్వార్ట్జ్ అనే చరిత్రకారుడు 2015లో ఒక గ్రంథం ప్రచురించాడు. భయపడ్డవారున్నారు, నిజమే. ఇరుగుపొరుగును అడిగినవారు, పోలీసు స్టేషనుకూ పత్రికా కార్యాలయానికీ ఫోను చేసినవారు చాలామంది. బాగుందని మెచ్చుకున్నవారూ చాలామందే.

ఫోను చేసి అడగడం భయమెలా అవుతుందో నాకు బోధపడదు. అది విచారణ. విలేకరి చేయవలసిన పని శ్రోత చేశాడు.

భయపడ్డవారినైనా మూర్ఖులనడానికి నాకు నోరు రాదు. ఆ నాటకానికి ముందు నెల, అంటే 1938 సెప్టెంబరు, మ్యూనిక్ సంక్షోభం నడిచిన నెల. హిట్లరు చెకొస్లొవేకియా మీద పడతాడా, యుద్ధం వస్తుందా అని లోకం ఊపిరి బిగబట్టి ఉన్నది. పాటల మధ్యలో సంగీతం ఆపి 'ఇప్పుడే అందిన వార్త' అని చదవడం అమెరికన్ శ్రోతలకు ఆ రోజుల్లోనే అలవాటైంది. అట్లా ఐరోపా నుంచి సి.బి.ఎస్. తరఫున మాట్లాడినవారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్ మరో. ఆ వార్తలన్నీ నిజాలు. నెల తిరగకుండా అదే సంస్థ, అదే పద్ధతిలో, అదే ధోరణి గొంతులతో సంగీతం ఆపి వార్త చదివితే నమ్మరా? కాంట్రిల్ అడిగినప్పుడు, అంగారకులు కాదు, జర్మన్లు వచ్చారనుకున్నామని చెప్పినవారు కొందరున్నారు. వారు విన్నది నాటకమే గాని, భయపడింది చరిత్రకు.

విచిత్రమేమంటే, ఈ ఉదంతాన్ని 1975 కంటె ముందే టెలివిజన్ నాటకం చేసినది ఆ సి.బి.ఎస్. సంస్థే. 1957 సెప్టెంబరు 9న 'స్టూడియో వన్' అనే కార్యక్రమంలో 'ది నైట్ అమెరికా ట్రెంబుల్డ్' పేరుతో వచ్చింది. తెర మీదికి వచ్చి దాని వృత్తాంతం చెప్పిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? ఆ ఎడ్వర్డ్ మరోయే. సంగీతం ఆపి చదివే వార్తను నమ్మడం దేశానికి నేర్పినవాడే, నమ్మి భయపడిన వారి కథ దేశానికి వినిపించాడు.

ఇక గ్రోవర్స్ మిల్‌లో 1988లో, యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో, స్మారక ఫలకం నిలబెట్టారు. జరగని దండయాత్రకు శిలాఫలకం!

ఇదే నాటకాన్ని ఈక్వెడార్ రాజధాని క్విటోలో 1949 ఫిబ్రవరి 12న రేడియో క్విటో స్థానిక ఊళ్ళ పేర్లతో స్పానిష్ భాషలో ప్రసారం చేసింది. అక్కడ నిజంగానే జనం వీధుల్లోకి వచ్చారు. అది నాటకమని ప్రకటించిన తరువాత ఇళ్ళకు పోలేదు. రేడియో ఉన్న భవనం 'ఎల్ కొమెర్సియో' అనే పత్రికది. దాని మీద రాళ్ళు విసిరి, నిప్పు పెట్టారు. కనీసం ఆరుగురు మరణించారు. మనుషులు చచ్చింది అంగారకుల భయం వల్ల కాదు; నమ్మిన గొంతు మోసం చేసిందన్న కోపం వల్ల. న్యూజెర్సీ కథను వేయిసార్లు చెప్పుకునే లోకం ఈ క్విటో కథను అంతగా చెప్పుకోదు. మొదటి దానిలో దోషం వినేవాడిది, రెండో దానిలో చెప్పేవాడిది. పత్రికలకూ ప్రభుత్వాలకూ ఏది ప్రియమో వేరే చెప్పాలా?

జనం వట్టి గొర్రెల మంద, ఏది చెబితే అది నమ్మి పరిగెడతారన్న సిద్ధాంతం పాలకులకు ఎంత సౌకర్యమో ఢిల్లీలో మూడు దశాబ్దాలు గడిపినవాడికి తెలుస్తుంది. ఏ.బి.సి. వారు ఆ నాటకం వేసిన 1975 అక్టోబరు 31 రాత్రి మన దేశంలో ఎమర్జెన్సీ నడుస్తున్నది. ఆ జూన్ నుంచి పత్రికల మీద సెన్సారు. వదంతులను అరికట్టడానికే ఆంక్షలు అన్నారు. ఫలితం తలకిందులైంది. పత్రికలో వార్త లేదు గనుక వదంతే వార్త అయింది. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల మీద 1976లో పుట్టిన కథల్లో ఏది నిజమో ఏది కల్పనో తేల్చుకునే దారి ఉత్తరాది పల్లెల్లో ఎవరికీ లేకపోయింది. సరిగ్గా తొమ్మిదేళ్ళకు, 1984 అక్టోబరు 31న, ప్రధాని శ్రీమతి ఇందిరా గాంధీ ఉదయం కాల్పులకు గురికాగా, బి.బి.సి. మధ్యాహ్నమే మరణవార్త చెప్పింది. ఆకాశవాణి సాయంత్రం ఆరింటి దాకా చెప్పలేదు. ఇల్లు మనది, చావు మనది, కబురు లండన్ నుంచి!

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2001లో ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలు మొదలైనప్పుడు పాటలకు అనుమతి వచ్చింది గాని సొంత వార్తలకు రాలేదు. ఆ నిషేధాన్ని ప్రశ్నించిన వ్యాజ్యంలో 2017లో ప్రభుత్వం వినిపించిన వాదన భద్రతకు ముప్పు అనే. 2019లో కొంత సడలించి, ఆకాశవాణి వార్తలనే యథాతథంగా వినిపించవచ్చునన్నారు. టెలివిజన్‌లో వందల ఛానెళ్ళు రాత్రింబగళ్ళు వార్తలు గుప్పిస్తున్న దేశంలో రేడియో వార్తకు ఇంత జంకు ఎందుకని గ్యాలరీలో మేము నవ్వుకునేవాళ్ళం.

ఇందులో ఒక సంగతి మరుగున పడుతున్నది. స్వతంత్ర భారతంలో రేడియో చేసిన అతి పెద్ద పొరపాటు ఏ ప్రైవేటు ప్రసారకుడూ చేసినది కాదు, ఏ నాటకకర్తా రాసినది కాదు. 1979 మార్చి 22, గురువారం. లోక్‌సభలో ప్రధానమంత్రి శ్రీ మొరార్జీ దేశాయ్ లేచి, లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ మరణించారని ప్రకటించారు. సభ్యులు నివాళులు అర్పించారు. సభ వాయిదా పడింది. ఆకాశవాణి మామూలు కార్యక్రమాలు ఆపివేసింది. దేశంలో బడులూ అంగళ్ళూ మూతపడ్డాయి. జయప్రకాశ్ మాత్రం బొంబాయి జస్లోక్ ఆసుపత్రిలో బతికే ఉన్నారు. ఆసుపత్రి వద్ద ఉన్న జనతా పార్టీ అధ్యక్షుడు శ్రీ చంద్రశేఖర్ బయటికి వచ్చి ఆ మాట చెప్పవలసి వచ్చింది. ఈ సంగతి తరువాత చెబితే జయప్రకాశ్ చిరునవ్వు నవ్వారట. ఆ ప్రకటన తరువాత ఆయన సరిగ్గా 200 రోజులు జీవించారు. అక్టోబరు 8న కన్నుమూశారు.

గ్రోవర్స్ మిల్ నాటకానికి ముందూ, మధ్యలోనూ, చివరా ఇది కల్పన అని హెచ్చరిక చేశారు. లోక్‌సభలో హెచ్చరిక ఎవరు చేస్తారు? బొంబాయికి ఒక్క టెలిఫోను చేసి ఉంటే సరిపోయేది. న్యూజెర్సీలో సామాన్య శ్రోతకు తట్టిన ఆలోచన అది.

ఇంత రాసి నా సంగతి దాచుకోవడం బాగుండదు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఉత్తరాదికి చెందిన ఒక వృద్ధ నాయకుడు ఆసుపత్రిలో ఉన్నారు. పాత పార్లమెంటు భవనంలోని సెంట్రల్ హాలులో, టీ తాగుతుండగా ఒక సభ్యుడు నా చెవి దగ్గరికి వంగి "అయిపోయింది" అన్నాడు. మరో ఇద్దరిని అడిగాను. వారూ అవునన్నారు. ముగ్గురు చెప్పారు గదా అన్న ధీమాతో మా కార్యాలయానికి ఫోనులో వార్త చెప్పేశాను. అవతల ఉన్న ఉప సంపాదకుడు కుర్రవాడు. "ఆసుపత్రి వాళ్ళు చెప్పారా అండీ?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. "ఢిల్లీలో ఉన్నది నువ్వా, నేనా?" అన్నాను. అతడు ఏమీ అనలేదు. వార్తను పది నిమిషాలు పక్కన పెట్టాడు. ఆ పది నిమిషాల్లో నాకు తెలిసినదేమంటే, నేను అడిగిన ఆ ఇద్దరికీ చెప్పినవాడు కూడా ఆ మొదటి సభ్యుడే. నాయకుడు మరి నాలుగేళ్ళు బతికారు. ఒకసారి నాతో కరచాలనం కూడా చేశారు. ఆ కుర్రవాడికి కృతజ్ఞత చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు. ఇప్పుడు అతడు పత్రికలు వదిలి వేరే ఉద్యోగంలో ఉన్నాడు. ఇది చదివితే చదవవచ్చు.

టెలివిజన్ నాటకంలోని ఆ ఇళ్ళను చూస్తూ ఉంటే నాకు జ్ఞాపకం వచ్చినది 1979 నాటి మా ఊరి బడి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పంచాయతీ కార్యాలయం మీది లౌడ్‌స్పీకరులో రేడియో వార్త వినిపించింది. మా హెడ్మాస్టారు ఖద్దరు మనిషి. భూదానోద్యమ కాలంలో సర్వోదయ కార్యకర్తల వెంట ఊళ్ళు తిరిగినవారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, మమ్మల్ని వరండాలో నిలబెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటింపజేసి, సెలవు ఇచ్చారు. మాకు సంబరం. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకోవడం చూసి ఆ సంబరాన్ని గేటు దాటేదాకా ఆపుకున్నాం.

సాయంత్రం అదే లౌడ్‌స్పీకరు, అదే ఆకాశవాణి, జయప్రకాశ్ బతికే ఉన్నారని చెప్పింది. ఎవరో పరిగెత్తుకు వెళ్ళి మాస్టారుకు ఆ శుభవార్త చేరవేశారు. ఆయన నమ్మలేదు. జనం గోల పెడతారని అట్లా చెబుతున్నారురా అన్నారట. ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదని వారి అమ్మాయి మర్నాడు మాకు చెప్పింది. పొద్దున్నే బస్సు స్టాండుకు వెళ్ళి, పత్రికల కట్ట దించే బస్సు కోసం కూర్చున్నారు. బస్సు ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. ఆయన పత్రిక తెరిచి, నిలబడే చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివి, మడిచి చంకలో పెట్టుకుని, తిన్నగా బడికి వచ్చి గంట కొట్టించారు.